పద్నాలుగు తిమింగలాల పరామర్శ

రెండో రోజు

ఇది తిమింగలాల పుస్తకం. తొమ్మిదేళ్లుగా రత్నక్క చెబుతుంటే నేను రాస్తూ వచ్చాను. ఇంకా సగం ఖాళీగా ఉంది. చెప్పే మనిషి లేదు కనుక మిగిలిన పేజీల్లో నాకు తోచింది రాసుకుంటాను. నడిసముద్రంలో తేలే ఈ కేంద్రం నమోదు పుస్తకంలో గాలి, అల, ఓడ పేరు, దారి ఇచ్చిన సమయం తప్ప మరేదీ రాయకూడదు.

సూరాడ నూకరత్నం నిన్న మధ్యాహ్నం పోయింది. డెక్కు మీద ఎండబెట్టిన కవళ్లను తిరగేస్తూ, "సుగుణా, ఓపాలి ఇటు రాయే" అని పిలిచింది. గొంతులో కంగారేమీ లేదు. నేను వైర్‌లెస్ డబ్బాకు మూత బిగిస్తున్నాను. నాలుగు మరలూ బిగించి అప్పుడు వెళ్లాను. అప్పటికే చేపల మీదికి ఒరిగిపోయి ఉంది. గుండె ఆగిపోయిందని, మొదటి మర దగ్గరే వదిలేసి పరిగెత్తినా చేయగలిగింది లేదని ఒడ్డు నుంచి డాక్టరు చెప్పారు. నిజమే చెప్పారో, నా మీద దయతో చెప్పారో తెలియదు.

ఈ ఉదయం ఆమె తమ్ముడు ఎర్రయ్య తెరచాప పడవ వేసుకుని వచ్చాడు. ఒడ్డు నుంచి ఆరు గంటల ప్రయాణం. అక్కను పాత తెరచాప గుడ్డలో చుట్టి ఇద్దరం నిచ్చెన మీదుగా దించాం. కేంద్రంలో ఒక్కరైనా ఉండి తీరాలి. నేను ఉండిపోయాను. పడవ మెంతిగింజంత అయ్యేదాకా చూశాను.

లోపలికి రాగానే ఒడ్డు నుంచి వేదమూర్తి గారి పిలుపు. దారుల కార్యాలయానికి ఆయన పెద్ద.

"సుగుణగారూ, ఈ సమయంలో అడగడం పద్ధతి కాదు. కానీ దక్షిణాన నాలుగు ఓడలు ఆగి ఉన్నాయి. రత్నంగారి రికార్డు ఉంది కదా, దాన్ని వేయండి."

వేశాను. కింద నలభై మీటర్ల లోతున తీగకు వేలాడే నీటి గొంతులోంచి, అంటే నీళ్లలో మోగే స్పీకరులోంచి, రత్నక్క దరువు వినిపించింది. రెండు దెబ్బలు, కాస్త ఆగి, మూడు చకచకా. పదకొండు సెకన్లలో జవాబు వచ్చింది. రెండు, ఆగి, మూడు. తిమింగలాల్లో ముందు ముసలమ్మ, తర్వాత గండితోక, ఆ తర్వాత ఒక్కొక్కటిగా పద్నాలుగూ అదే దరువు వేశాయి. వాటి భాషలో అది రత్నక్క పేరు.

ఓడలకు దారి ఇచ్చాను. ఆ తర్వాత అవసరం లేకపోయినా ఇంకో మూడుసార్లు రికార్డు వేశాను.

నాలుగో రోజు

రత్నక్క ఇక్కడికి వంటమనిషిగా వచ్చింది. ఈ సంగతి ఇప్పుడు ఒడ్డున చాలామందికి తెలియదు.

సముద్రంలో చప్పుడు చేసే యంత్రాలను నిషేధించాక ఓడలన్నీ గాలితోనే నడుస్తున్నాయి. నిశ్శబ్దంగా వచ్చే ఓడ నిద్రలో ఉన్న తిమింగలానికి వినపడదు. ఈ జాతి తిమింగలాలు నీటిలో నిలువుగా, స్తంభాలు పాతినట్టు నిలబడి నిద్రపోతాయి. ఓడ కొడితే అదీ చస్తుంది, ఓడా పగులుతుంది. అందుకే పిలిచి, ఎక్కడున్నాయో జవాబును బట్టి తెలుసుకుని, ఓడలకు పక్కదారి చూపించడానికి ఈ కేంద్రం కట్టారు. కట్టడమైతే కట్టారు గానీ పదకొండేళ్లపాటు పెద్దపెద్ద చదువులవాళ్లు రకరకాల శబ్దాలు వేసినా ఒక్క తిమింగలమూ పలకలేదు.

రత్నక్క వచ్చిన రెండో వారంలో గంజి వార్చి, గరిటెకు అంటిన మెతుకులు రాలడానికి కమ్మీ మీద కొట్టిందట. ఆ కమ్మీ కేంద్రం కింద అరవై మీటర్లు దిగి ఉన్న ఇనుప స్తంభానికి అతికి ఉంది. రెండు కొట్టి, చూసుకుని, మళ్లీ మూడు కొట్టింది. కింద నుంచి ఎవరో అలాగే కొట్టారు.

"నానేటనుకున్నానో తెలుసా?" అని నవ్వేది ఆ మాట చెప్పినప్పుడల్లా. "కిందెవరో వంట సేస్తన్నారనుకున్నాను. ఇంకోపాలి కొట్టినాను. మళ్లా కొట్టినాది. ఓలమ్మో, నా సేతిలో గరిటి జారిపోనాది."

చదువులవాళ్లు అడిగారట, పదకొండేళ్లు మాకు పలకనిది నీకెందుకు పలికిందని. "మీరు ఆటిని పరీచ్చ సేస్తన్నారు. నాను నా పని సేసుకుంటన్నాను. పని సేసుకునీ మనిసిని ఎవులైనా పలకరిస్తారు కదేటి" అందట.

నేను జగిత్యాల నుంచి వచ్చాను. ఇక్కడికి వచ్చేదాకా సముద్రం చూడలేదు. మొదటి వారం డెక్కు అంచుకు పోలేదు. రత్నక్క ఒక రోజు తన కొంగు తీసి నా నడుముకు ముడివేసి, రెండో కొస తన చేతికి చుట్టుకుని, అంచు దాకా నడిపించింది. అంతకు మించి ముందుకు పోలేదు. తొమ్మిదేళ్లలో నేను ఒక్కసారి కూడా నీళ్లలోకి దిగలేదు.

తొమ్మిదో రోజు

ఉదయం స్తంభం పైభాగాన పట్టిన నత్తగుల్లలు గీకాను. వానపీపాలో అడుగున పాచి కడిగాను. నీటి గొంతు తీగ వదులుగా వేలాడుతోంది. పైకి చుట్టి చూస్తే రెండుచోట్ల మెలిపడి ఉంది. ప్రవాహం మామూలుగానే ఉంది మరి. మెలి విప్పి మళ్లీ దించాను.

మాఘం వెళ్లిపోయింది. ఈపాటికి తిమింగలాలు దక్షిణానికి బయలుదేరాలి. నీళ్లు వేడెక్కితే వీటికి తిండి దొరకదు. నిరుడు శివరాత్రికి రెండు రోజుల ముందే వెళ్లిపోయాయి. నమోదు పుస్తకం తిరగేస్తే ఏ ఏడూ ఇంత ఆలస్యం లేదు.

రికార్డు వేశాను. తొమ్మిది సెకన్లలో జవాబు. దగ్గరికి వచ్చాయి.

పదమూడో రోజు

తీగ మళ్లీ మెలిపడింది.

బుల్లి బక్కచిక్కిపోయింది. అది గండితోక పిల్ల, నిరుడు పుట్టింది. మెడ వెనక గుంట కనిపిస్తోంది.

పదిహేనో రోజు

ఎర్రయ్య సరుకులు తెచ్చాడు. బియ్యం, ఉల్లిపాయలు, కొవ్వొత్తులు. అక్క పెద్దదినం, కర్మకాండ అంతా అయిపోయిందని చెప్పాడు. నేను బియ్యం బస్తా లోపలికి లాగుతూ ఉండిపోయాను.

దరువు వేసే వేళైంది. యంత్రం తనంతట తానే మొదలుపెట్టింది. ఎర్రయ్య ఉల్లిపాయల బుట్ట కింద పెట్టేసి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేటమ్మా సుగుణమ్మా, అచ్చం మా అప్ప కొడతన్నట్టే ఉంది."

"అక్కదే అన్నా. ఎన్నడో పట్టి పెట్టింది. యంత్రం వేస్తున్నది."

"రోజూనా?"

"రోజుకు పన్నెండు సార్లు."

కింద నుంచి పద్నాలుగు గొంతులు ఆయన అక్కను పేరు పెట్టి పిలిచాయి. ఇనుప కమ్మీలోంచి ఆ పిలుపు ఆయన అరచేతుల్లోకి వచ్చింది. చేతులు తీసేసి పంచెకు తుడుచుకున్నాడు.

"ఆపకూడదేటమ్మా?"

"ఓడలున్నయ్ కదన్నా" అన్నాను. ఆ మాట నిజమే. కానీ ఈ నాలుగు రోజుల్లో వచ్చిన ఓడలు రెండే. ఆ రెండింటికీ రెండు పిలుపులు చాలు. మిగిలినవన్నీ నా కోసమని ఆయనకు చెప్పలేదు.

వెళ్తూ వెళ్తూ పడవలోంచి అన్నాడు. "నలబయ్యేళ్ల నుంచి ఈ సముద్రం మీదే ఉన్నాను. ఇవి ఇంత దగ్గిరికి రాడం నానెప్పుడూ సూడలేదు."

పదిహేడో రోజు

ఏం రాయాలో తెలియడం లేదు. చూసింది చూసినట్టు రాస్తాను.

పొద్దున ఏడు గంటలకు కేంద్రం చుట్టూ నీళ్లు నల్లగా ఉన్నాయి. మబ్బు నీడ అనుకున్నాను. ఆకాశంలో మబ్బు లేదు. అవి తిమింగలాలు. పెద్దవి పదమూడూ కేంద్రం చుట్టూ వలయంగా పేర్చినట్టు నిలిచాయి. తలలన్నీ మా వైపు, తోకలన్నీ బయటికి. పైనుంచి చూస్తే కేంద్రం పువ్వు మధ్యలో దుద్దు, చుట్టూ నల్లటి రేకులు. ఒక్కో రేకూ మా జగిత్యాల బస్సుకంటే పొడుగు. బుల్లి వలయం లోపల, నిచ్చెనకు ఇరవై అడుగుల దూరంలో ఉంది.

కదలడం లేదు. ఒకటి ఊపిరి వదిలితే రెండోది, దాని తర్వాత మూడోది. ఆవిరి చిమ్మడం వలయం వెంట తిరిగి తిరిగి వచ్చింది. డెక్కు అంతా తడిసింది. వాటి ఊపిరి నా ముఖం మీద పడింది. చేపల వాసన, పాత ఇనుము వాసన, వెచ్చగా ఉంది. నాకు తెలియకుండానే చెప్పులు విడిచి ఉన్నాను. ఎప్పుడు విడిచానో గుర్తులేదు.

భయం వేయలేదు. దేవుడి ఎదుట తలుపు తీసినప్పుడు కలిగేదాన్ని భయం అంటారా? అదీ కాదు. అంత పెద్ద ప్రాణులు అంత మెల్లగా, ఒకదాని మీద ఒకటి పడకుండా, నిద్రపోతున్న మనిషి ఉన్న గదిలో నడిచినట్టు కదులుతున్నాయి. నేను కూడా అడుగు చప్పుడు కాకుండా నడిచాను.

పద్దెనిమిదో రోజు

వలయం అలాగే ఉంది. అవి తిండికి పోలేదు.

నీటి గొంతుకు ఒక లోతు మీటరు ఉంటుంది. దాని సంగతి మేము ఎప్పుడూ పట్టించుకోం, ఎప్పుడూ నలభై చూపిస్తుంది కాబట్టి. ఇవాళ తీగ ఎందుకు మెలిపడుతోందో తేల్చాలని మీటరు ముందు కూర్చున్నాను. నలభై. నలభై. పదకొండు గంటల పది నిమిషాలకు ముప్పై ఆరు. ముప్పై. పద్దెనిమిది. ఆరు. సున్నా.

డెక్కు అంచుకు వెళ్లి చూశాను. బిందెంత ఉన్న ఆ నల్లటి ఇనుప గొంతును ముసలమ్మ తన నుదుటి మీద పెట్టుకుని నీటి పైకి తెచ్చింది. గాలిలోకి ఎత్తి పట్టుకుంది. గొంతు అటూ ఇటూ దొర్లబోతే గండితోక వచ్చి పక్కన ఆనింది. అలా ఒక నిమిషం పట్టుకుని, మెల్లగా మళ్లీ నీటిలోకి వదిలాయి. గొంతు బరువుకు కిందికి దిగింది. నలభైకి వెళ్లి తీగ ఆపింది. అరగంట తర్వాత మళ్లీ ఎత్తాయి. ఈసారి ఇంకో రెండు.

అది ఊపిరి తీసుకోవడానికి ఎత్తుతున్నాయి.

ఈ పుస్తకంలోనే వెనక్కి వెతికాను. మూడేళ్ల కిందట గండితోక తల్లి చనిపోయినప్పుడు రత్నక్క చెప్పగా నేనే రాశాను. రాసినప్పుడు నాకు అది తిమింగలాల సంగతి. ఇవాళ వేలు పెట్టి ఒక్కో మాటా చదివాను.

"జబ్బు సేసినప్పుడు సుట్టూ నిలబడతాయే. తిండి తినవు. అరగంటకోపాలి పైకెత్తి ఊపిరి పీల్పిస్తాయి. అయిదు రోజులు సూసినాను. పానం పోయినాక ఒక్కోటీ వచ్చి నుదురు ఆనించినాయి. పీనుగు కిందకి దిగిపోతా ఉంటే ముసిలమ్మ కూడా దిగినాది, సాగనంపడానికి. అప్పుడు అందరూ కలిసి ఒక్కపాలి పేరు సెప్పినాయి. మళ్లా ఆ పేరు ఎప్పుడూ అనలేదే. ఆ పేరు అయిపోనాది."

పదిహేడు రోజులుగా రత్నక్క ఒకే మాట అంటోంది వాటితో. రెండు, ఆగి, మూడు. బతికున్నప్పుడు ఏ రోజూ ఒకేలా కొట్టేది కాదు. పేరు చెప్పాక గరిటె తిప్పి నాలుగు మాటలు కలిపేది, అవి ఏదైనా అడిగితే జవాబిచ్చేది. ఇప్పుడు ఏది అడిగినా ఒక్క పేరే. ఉన్నచోటు నుంచి కదలదు. పైకి వచ్చి ఊపిరి పీల్చుకోదు.

నేను నా బాధ తీరడానికి వేసుకున్న దరువు విని, మనిషికి జబ్బు చేసిందని చూడవచ్చాయి. ఆ జబ్బు మనిషి నయమూ కావడం లేదు, పోవడమూ లేదు. వదిలి వెళ్లడం వాటికి చేతకాదు.

పంతొమ్మిదో రోజు

వేదమూర్తి గారు పొద్దునే పిలిచారు. ఇరవై మూడు ఓడలు ఆగిపోయాయి. వలయం సరిగ్గా ఓడలదారి మీద ఉంది, రెండు పక్కలా దిబ్బలు.

"ఒక ఓడలో మందులున్నాయి సుగుణగారూ. ఇంకోదాంట్లో మంచినీళ్లు అయిపోతున్నాయి. రేపు సాయంత్రంలోగా దారి తెరవకపోతే తరుము శబ్దం వేయమని పైనుంచి చెప్పారు."

"ఆ శబ్దం వేస్తే పసిదాని చెవులు పోతయ్ సార్. చెవులు పోయినంక అది తల్లిని ఎట్ల వెతుక్కుంటది?"

"నాకు తెలీక కాదమ్మా." ఆయన గొంతు అలసిపోయి ఉంది. "మీ దగ్గర వేరే దారి ఉందా?"

"ఎల్లుండి పొద్దుటి దాకా టైమియ్యండి."

"ఎల్లుండి తొమ్మిదింటి దాకా. ఆ నీళ్లు అయిపోతున్న ఓడకు పడవల మీద పంపిస్తాను. అంతకు మించి నా చేతిలో లేదు."

ఎర్రయ్యకు కబురు పంపించాను. తర్వాత యంత్రం ముందు కూర్చున్నాను. ఆపడానికి ఒక్క మీట. వేలు పెట్టి తీశాను. మళ్లీ పెట్టాను. ఆమె కొంగు ముడి వేసిన రోజు, నాకు జ్వరం వస్తే ఉలవచారు కాచి తాగించిన రోజు, అమ్మ పోయిందని కబురు వచ్చినప్పుడు నా జడ విప్పి మళ్లీ అల్లిన రోజు, అన్నీ ఆ మీట కిందే ఉన్నట్టు అనిపించింది.

"అక్కా, ఆపుతున్న" అని పైకే చెప్పాను. నొక్కేశాను.

ఇరవయ్యో రోజు

పిలుస్తున్నాయి.

రెండు, ఆగి, మూడు. నిన్న మధ్యాహ్నం నుంచి ఎడతెగకుండా. మొదట, నీళ్లలోని చప్పుళ్లు వినిపించే నీటి చెవి గొట్టాలు పెట్టుకుని వింటూ లెక్కపెట్టాను. నాలుగు వందలు దాటాక గొట్టాలు తీసేశాను. కానీ అన్నం గిన్నె మోగుతోంది, మంచం కోళ్లు మోగుతున్నాయి, నా పళ్లలో మోగుతోంది. జవాబు చెప్పకుండా ఉండడం ఇంత కష్టమని నాకు తెలియదు. గరిటె ఉన్న గది తలుపు గొళ్లెం పెట్టి, బయట కూర్చున్నాను.

మధ్యాహ్నానికి పిలుపులు పలచబడ్డాయి. సాయంత్రానికి ఆగిపోయాయి. వాటికి తెలిసింది.

అయినా కదల్లేదు. అరగంటకోసారి ఎత్తుతూనే ఉన్నాయి. వదలగానే గొంతు కిందికి దిగుతుంది, నలభై దగ్గర తీగ పట్టి ఆపుతుంది. ముసలమ్మ దానితోపాటు దిగుతుంది, ఆగుతుంది, చుట్టూ తిరుగుతుంది, మళ్లీ పైకి తెస్తుంది.

అప్పుడు అర్థమైంది. ప్రాణం పోయింది గానీ పీనుగు మునగడం లేదు. మేము పట్టుకుని ఉన్నాం.

ఇరవై ఒకటో రోజు

తెల్లవారి ఏడింటికి ఎర్రయ్య వచ్చాడు. వలయం బయట పడవ ఆపి చేతులు జోడించాడు. రెండు తిమింగలాలు తోకలు పక్కకు జరిపి ఆయనకు సందు ఇచ్చాయి. ఎవరూ అడగలేదు. ఆయన తెడ్డు నీళ్లలో ముంచకుండా అలల మీదే జారి వచ్చాడు.

విషయం చెప్పాను, గొంతును మునగనివ్వాలని. తీగను పైన కోస్తే నలభై మీటర్ల ఉక్కు తీగ వాటి మీద పడుతుంది, బుల్లి చుట్టుకుంటుంది. గొంతు దగ్గరే, దాన్ని తీగకు కలిపే పిన్ను లాగాలి. అంటే అది పైకి వచ్చిన నిమిషంలో, నీళ్లలో దిగి లాగాలి.

"నాను దిగుతాను. నువ్వు సముద్రం ఎప్పుడు దిగినావు?" అన్నాడు.

"లేదన్నా. ఆ రోజు అక్క పిలిస్తే నాలుగు మరలు బిగించి పోయిన. ఇయ్యాల నేనే పోతా."

ఆయన నా నడుముకు మోకు కట్టి, రెండుసార్లు లాగి చూసి, "కాళ్లు ఆడించు. నోరు మూసుకో. బయమేస్తే నన్ను సూడు" అన్నాడు.

నిచ్చెన చివరి మెట్టు నీళ్లలో ఉంది. దాని మీద నిలబడ్డాను. నీళ్లు వెచ్చగా ఉన్నాయి. ఏడూ నలభైకి కింద చీకటిలోంచి ఒక గోడ పైకి వచ్చింది. గోడకు మచ్చలు, గీతలు, ముడతలు. ఎంతసేపైనా అయిపోలేదు, వస్తూనే ఉంది. నుదుటి మీద గొంతు పెట్టుకుని ముసలమ్మ నాకు రెండు మూరల దూరంలో ఆగింది.

నేను మెట్టు వదిలేశాను.

మునిగాను, ఉప్పు తాగాను, తేలాను. అప్పుడు ముసలమ్మ నన్ను విన్నది. వాటి శబ్దం మనిషి లోపలికి పోతుందని రత్నక్క చెప్పేది. చెబితే తెలిసేది కాదు. టక టక టకమని వందల దెబ్బలు నా పక్కటెముకల్లోంచి, ఊపిరితిత్తుల్లోంచి, కడుపులోంచి దూరి వెళ్లాయి. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో దానికి తెలిసింది. నాలో ఎక్కడేం ఉందో అన్నీ తెలిశాయి. దెబ్బలు నెమ్మదించాయి. నా గుండె కూడా వాటితోపాటే నెమ్మదించింది.

ముసలమ్మ కొంచెం పక్కకు తిరిగింది. కన్ను కనిపించింది. అంత శరీరానికి చిన్న కన్ను, చుట్టూ ముడతలు. నన్ను చూసింది. అది నేను పుట్టకముందు నుంచి ఈ సముద్రంలో ఉంది, ఓడలు గర్జించే రోజుల్ని కూడా బతికింది. అయినా వంటమనిషిని పలకరించింది. ఆ కంటి ముందు నేను ఎంత చిన్నదాన్నో నాకు తెలిసింది. తెలిసినందుకు సిగ్గు కలగలేదు, ఏదో బరువు దిగినట్టయింది.

పిన్ను తుప్పు పట్టి ఉంది. రెండు చేతులతో తిప్పాను. గోరు విరిగింది. మూడోసారికి ఊడింది. తీగను పైకి ఎర్రయ్య గబగబా లాగేసుకున్నాడు.

ముసలమ్మకు తెలిసింది. గొంతును వెంటనే వదల్లేదు. నా కుడిచేతి పక్క నుంచి గండితోక వచ్చి నుదురు ఆనించింది. తర్వాత ఇంకొకటి. పద్నాలుగూ వచ్చాయి. బుల్లికి సరిగ్గా ఆనించడం రాలేదు, నన్ను కూడా గుద్దింది. దాని చర్మం తడిసిన రబ్బరులా, చల్లగా ఉంది. చివర నేనే మిగిలాను. ఎవరు చెప్పారో తెలియదు. ఈది వెళ్లి ఆ ఇనుముకు నుదురు ఆనించాను.

"పోయి రా రత్నక్కా."

ముసలమ్మ తల వంచింది. గొంతు జారి నీళ్లలో పడింది. దానితోపాటు ముసలమ్మ తోక పైకెత్తి, నిలువుగా, ఒక్క నీటిచుక్క చిందకుండా కిందికి వెళ్లిపోయింది. రెండు కిలోమీటర్ల లోతు అక్కడ. ఎర్రయ్య నన్ను మోకుతో లాగి మెట్టు మీద కూర్చోబెట్టాడు. మిగిలిన పదమూడూ తలలు కిందికి వంచి నిలబడ్డాయి. మేమిద్దరం కూడా నీళ్లకేసి చూస్తూ ఉన్నాం.

నలభై ఒక్క నిమిషాలకు ముసలమ్మ పైకి వచ్చింది. ఒక్క ఊపిరి తీసుకుంది. అప్పుడు అందరూ కలిసి అన్నాయి.

రెండు. ఆగి. మూడు.

కేంద్రం మొత్తం గంటలా మోగింది. నీళ్లు సన్నగా, కాగబోతున్న పాలలా వణికాయి. పడవలో సత్తు చెంబు దానంతట అదే దొర్లింది. ఒక్కసారే. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం లాంటిది నేను ఎప్పుడూ వినలేదు.

వలయం విడిపోయింది. ముసలమ్మ ముందు, గండితోక పక్కన బుల్లి, మిగిలినవి వెనక. దక్షిణానికి.

అదే రోజు, మధ్యాహ్నం

తొమ్మిదికి పది నిమిషాలుందనగా వేదమూర్తి గారికి చెప్పాను, దారి తెరుచుకుందని. నీటి గొంతు ఇక లేదని కూడా చెప్పాను. "పోయిందా, మీరు వదిలేశారా?" అని అడిగారు. "వదిలేసిన సార్" అన్నాను. విచారణ ఉంటుందన్నారు. ఉండనీ అన్నాను. పెట్టేసే ముందు, "పిల్ల బాగుందా?" అని అడిగారు.

ఇరవై మూడు ఓడలూ ఒక్కొక్కటే దాటాయి. ఏం జరిగిందో వాళ్లకు ఎవరు చెప్పారో, కేంద్రం పక్కకు రాగానే ప్రతి ఓడలోనూ మనుషులు పని ఆపి కమ్మీల దగ్గర నిలబడ్డారు.

నీటి చెవి గొట్టాలు పెట్టుకుని తిమింగలాలు వెళ్లినంత దూరం విన్నాను. పదిగంటలకు పద్నాలుగు గొంతులు. పదకొండుకు తొమ్మిదే వినిపించాయి. తర్వాత మూడు. ఒకసారి వేట శబ్దం వినిపించింది, కీచుమని తలుపు తీసినట్టు. ఎక్కడో తిండి దొరికింది. పన్నెండున్నరకు ఏమీ లేదు, నీరు తప్ప.

గొట్టాలు తీసి బయటికి వచ్చాను. ఎర్రయ్య అన్నం వండి, నా కంచంలో పెట్టి, మూత వేసి కూర్చున్నాడు.

"ఎల్లిపోనాయేటి?"

"వెళ్లిపోయినయ్ అన్నా."

"పిల్ల తిన్నాదేటి?"

"తిన్నట్టే ఉంది. వేట చప్పుడు విన్న."

తల ఊపాడు. చితి పెట్టిన రోజు గానీ, పెద్దదినం నాడు గానీ తన కంట చుక్క రాలలేదని ఊళ్లో అందరూ అనుకున్నారట. నా కంచం నా ముందుకు జరిపాడు. జరిపి, చేయి కంచం మీదే ఉంచేసి, "ఇప్పుడెల్లిపోనాదమ్మా మా అప్ప" అన్నాడు. పంచె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, యాభై నాలుగేళ్ల మనిషి, డెక్కు మీద కూర్చుని గొంతెత్తి ఏడ్చాడు.

నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం. ఓడల తెరచాపలు ఇంకా దక్షిణాన తెల్లగా కనిపిస్తూనే ఉన్నాయి. ఎండ నడినెత్తి మీద ఉంది. అన్నం చల్లారిపోయాక తిన్నాం.